పసుపునీళ్ళలో తేలిన పాపం

రండి, ముందుకు జరిగి కూర్చోండి. స్వామికో దణ్ణం పెట్టుకుని మొదలుపెడతాను.

తలంటు పోసుకున్న మర్నాడు రత్నగిరి రాజు వీరనృపాలుడికి ముత్యాల ఉంగరం కనబడలేదు. మధ్యాహ్నంలోగా దొంగను చూపించాలని సభలో పట్టుబట్టాడు.

ఆస్థాన మాంత్రికుడు జటిలస్వామి మీసం దువ్వాడు. రాజుకు తాంబూలం చుట్టే ఓబులమ్మంటే ఆయనకు ఎప్పణ్ణుంచో గిట్టదు. రాజు ఆవిడ మాట వింటాడని కడుపుమంట. ఇత్తడి పళ్ళెంలో పసుపునీళ్ళు పెట్టించి, దొంగ వేలు ముంచితే అవి నెత్తురవుతాయన్నాడు.

కొలువంతా దేవుణ్ణి తలుచుకుని వేళ్ళు ముంచింది. నీళ్ళు పచ్చగానే ఉన్నాయి. ఓబులమ్మ వేలు పెట్టగానే ఎర్రబడ్డాయి.

పాపం కడుక్కోడానికి పొద్దుగూకేలోగా ఊరు విడిచి కాశీకి పొమ్మన్నాడు రాజు. ఇరవై ఏళ్ళ కొలువు ఒక్క మునకలో పోయింది, చూడండి.

ఓబులమ్మ ఏడవలేదు. వేలి కొస చూసుకుంది. ఇంట్లో ఎన్ని ఎర్రనీళ్ళ హారతి పళ్ళేలు కలిపిన చెయ్యి అది!

"పోతాను ప్రభూ. పొద్దుటి తాంబూలం చుట్టాను గాని, ఏలినవారి మధ్యాహ్నం తాంబూలం ఇంకా చుట్టలేదు. దానికి నా పాపిష్టి చెయ్యి తగలకూడదు. స్వామివారు తమ పవిత్రమైన చేత్తో చుట్టాలి."

స్వామి ఉబ్బిపోయాడు. ఆకులు తుడిచి, వేలితో సున్నం రాసి, వక్క పెట్టి అందించాడు.

ఆ వెంటనే ఆవిడ కొత్త పసుపునీళ్ళు ఆయన ముందు పెట్టింది. అందరూ ముంచారు, తమరొక్కరే మిగిలారంది.

స్వామి చెయ్యి వీపు వెనక్కి పోయింది. పంచెకు గబగబా తుడిచాడు. రాజు తాంబూలం నములుతూ, కానివ్వమని సైగ చేశాడు.

వేలు మునిగింది. నీళ్ళు ఎర్రబడ్డాయి. భటులు కదిలారు.

"నేను దొంగను కాను ప్రభూ! అది ఉత్త సున్నం. పసుపుకి తగిలితే రంగు మారుతుంది, అంతే."

"నా వేలికున్నదీ అదే సున్నం స్వామీ."

అని ఊరుకుందా? స్వామి సంచిలోంచే మంత్రించిన నిమ్మకాయ తీసి, కోసి పిండింది. ఎరుపు విరిగి నీళ్ళు మళ్ళీ పచ్చనయ్యాయి.

"నిమ్మకాయకు పోయే పాపానికి కాశీదాకా నడవడం ఎందుకు ప్రభూ?"

సభ పగలబడి నవ్వింది. అప్పుడే రాణివాసం నుంచి దాసి వచ్చి, ఉంగరం సున్నిపిండి గిన్నెలో దొరికిందని అందించింది. తలంటు నాడు రాజుగారే ఒళ్ళు నలుచుకుంటూ వదిలేశారట.

రాజు సిగ్గుపడి, ఆ ఉంగరం ఓబులమ్మ వేలికే తొడిగాడు. జటిలస్వామికీ పదవి దొరికింది: రోజూ గుళ్ళో పసుపూ సున్నంతో ఎర్రనీళ్ళ హారతి పళ్ళెం కలపడం!