సుభద్రమ్మగారు తంబుర దించిన వేళ

“గురువుగారూ, ప్రాణం లేని ఫోను శ్రుతి వేస్తే, దాని మీద పాడే పాటకి ప్రాణమెలా వస్తుందండీ?”

అడిగింది భార్గవుడు. విజయనగరంలో చామర్తి సోమయాజులుగారి దగ్గర నాతోపాటే సంగీతం నేర్చుకునేవాడు. మర్నాడు గురువుగారి కచేరీ. ఎన్నడూ లేనిది, ఈసారి తంబుర బదులు ఫోనులో యాప్ పెట్టుకుని పాడతానన్నారాయన. ముప్పై రెండేళ్ళుగా ఆయన వెనక తంబుర పట్టుకు కూర్చున్నది ఆయన భార్య సుభద్రమ్మగారు. ఆ తల్లి చోటు ఒక యాప్ లాగేసుకోవడమా? వాడికి ఒళ్ళు మండిపోయింది. నాకూ మండింది, దాచడమెందుకు?

గురువుగారు వాదించే మనిషి కాదు. “కూర్చోండర్రా,” అని చెప్పుకొచ్చారు.

“మొన్న సుభద్రకి వేళ్ళు వాచి తంబుర మీటలేకపోయింది. మనవరాలు ఫోనులో ఈ యాప్ వేసిపెట్టింది. సరేనని తోడి రాగంలో ఒక కీర్తన ఎత్తుకున్నాను. చరణంలో మాట మరిచిపోయి ఆగాను. అంతే, వంటింట్లోంచి మిగతా చరణమంతా వినబడింది. సంగతులతో సహా! వెళ్ళి చూస్తే, బెండకాయలు తరుగుతూ పాడుతోంది. ఎప్పుడు నేర్చుకున్నావే అంటే, ‘మీ వెనకాలే కూర్చున్నాగా’ అంది. మరి ఒక్కనాడూ పాడలేదేం అన్నాను. ‘తంబుర పట్టుకున్నవాళ్ళు నోరు విప్పితే శ్రుతి మీద ధ్యాస పోతుందని పెళ్ళైన కొత్తలో మీరే కదా అన్నారు’ అంది. కోపంగా కూడా కాదురా. నాకు తలెక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.”

 

“అయితే రేపు అమ్మగారు వేదిక ఎక్కరాండీ?” అన్నాడు భార్గవుడు నెమ్మదిగా.

“ఎక్కకేం! వెనక కాదు, నా పక్కన. సగం కచేరీ ఆవిడదే.”

“ఆయనకేం, చెబుతారు! నాకు కాళ్ళూ చేతులూ ఆడటం లేదు నాయనా,” అంటూ సుభద్రమ్మగారు గుమ్మంలోకి వచ్చారు. అంతలోనే చిన్నపిల్లలా నవ్వేశారు. “ఆ యాప్ చేసినవాళ్ళెవరో గానీ, వాళ్ళ కడుపు చల్లగా ఉండాలి.”

భార్గవుడు గభాల్న లేచి వెళ్ళి ఆ ఫోనుకి ఛార్జింగ్ పెట్టాడు.

గురువుగారు వాడి వంకే చూస్తూ అన్నారు: “ఫోను సంగతి నేను చూసుకుంటాలే. మీ ఇళ్ళల్లో తంబుర ఎవరి చేతిలో ఉందో, వెళ్ళి చూసుకోండి.”