కొఠారు గుమ్మంలో వాసన పరీక్ష

అనగనగా ఇప్పలవీడు అని ఒక రాజ్యమట. అక్కడి జనం మంచివాళ్లు, రాజు అంతకంటే మంచివాడు. అంతమంది మంచివాళ్లు కలిసి ఒక చెడ్డ పని ఎలా చేశారో చెబుతాను, వినండి.

రాజు పేరు కీర్తిభానుడు. ఆయనకు అబద్ధమంటే అసహ్యం, ఇచ్చిన మాటంటే ప్రాణం. పంటలు విరగపండిన ఏళ్లలో రైతుల దగ్గర తలా కొంత ధాన్యం తీసుకుని, కోట పక్కన పెద్ద కొఠారు కట్టించి దాచాడు. కరువొస్తే ఊరికీ కోటకీ ఇదే గింజ అని ఆనాడే చాటింపు వేయించాడు.

కరువు రానే వచ్చింది. రెండేళ్లు చుక్క వాన లేదు. చేలు బీళ్లయ్యాయి, చెరువుల అడుగున నెర్రెలు విచ్చాయి. రాజు మాట తప్పలేదు. కొఠారు తలుపులు తీయించి, రోజూ పొద్దున్నే ఇంటికి మానెడు జొన్నలు కొలిపించాడు. ఎండ ముదరకముందే జనమంతా గింజలు మూట కట్టుకుని ఇళ్లకు వెళ్లిపోయేవారు.

అంతా బాగానే ఉండేది. అయితే వాన లేకపోయినా తాడిచెట్టు కల్లు ఇస్తూనే ఉంటుంది కదా. ఆ కరువులో గంజి కంటే కల్లే చవకైంది. ఒకనాడు ఎవడో తన మానెడు జొన్నలూ కల్లుపాకలో పోసి, పీకలదాకా తాగి, నడిబజారులో పడి దొర్లాడు. ఊరంతా చూసింది. మేం చెమటోడ్చి నింపిన కొఠారు తాగుబోతుల పాలవుతోందని రైతులు గొణిగారు. వాళ్ల మాటలో న్యాయం లేకపోలేదు.

కొఠారు మీద అధికారి దండపాణి. ఎప్పుడూ బుగ్గన లవంగాలు పెట్టుకుని తిరిగే మనిషి. అతను పరుగున వెళ్లి రాజుకు సంగతి విన్నవించాడు. ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకున్నవాడి సామెత మీరు వినే ఉంటారు. ఆ రాజూ విన్నాడు. వినీ ఒక శాసనం చేశాడు.

"కొఠారు గింజ తినే ప్రతి ఇంటి పెద్దా గుమ్మంలో నోరు తెరవాలి. నోట మద్యపు వాసన వస్తే ఆ ఇంటికి మూడు రోజులు గింజ లేదు."

మరి వాసన చూసేదెవరు? ఊళ్లో పేరిశెట్టి అని గంధపు పొడులూ అత్తరులూ అమ్మే వర్తకుడున్నాడు. కళ్లు మూసుకుని వాసన చూసి, ఈ చందనం ఏ కొండదో, కొట్టి ఎన్నాళ్లయిందో చెప్పేవాడు. అబద్ధం ఆడడని పేరు. రాజు అతణ్ణే పిలిపించాడు. పేరిశెట్టికి ఆ పని ఇష్టం లేదు. కానీ రాజాజ్ఞ కాదనే ధైర్యమూ లేదు.

మొదటి రోజు. కొఠారు గుమ్మం దగ్గర పేరిశెట్టి పీట మీద కూర్చున్నాడు. ఒక్కొక్కరే వచ్చి నోరు తెరుస్తున్నారు. మధ్య మధ్య అతను తన ఉత్తరీయం కొంగు వాసన చూసుకుని ముక్కును తేట చేసుకుంటున్నాడు.

కొండాలు అనే ముసలమ్మ వచ్చింది. ఆమె నోరు తెరవగానే పక్కనున్న భటులు మూతులు తిప్పుకున్నారు. సారా కంపు అన్నారు. పేరిశెట్టి కళ్లు మూసుకుని రెండుసార్లు వాసన చూశాడు.

"ఇది సారా కాదు. ఉడికించిన ఇప్పపువ్వు" అన్నాడు.

"అదే బాబూ. అడివిలో రాలిన పువ్వు ఏరి ఉడకేసుకున్నాను. ఇచ్చిన జొన్నలు మనవలకే చాలడం లేదు. వారం రోజులై నాకు అదే తిండి" అంది కొండాలు.

సారా కాచేది కూడా ఆ పువ్వుతోనే కదా, తేడా ఏముందని దండపాణి వాదించాడు. చెరుకు నమిలినవాణ్ణి బెల్లం దొంగ అంటామా అని అడిగాడు పేరిశెట్టి. ముసలమ్మకు గింజలు దొరికాయి.

కానీ ఆ ఒక్క వాదనకే బారెడు పొద్దెక్కింది. సాయంకాలానికి వరుసలో సగం మందికి కూడా పరీక్ష కాలేదు. తలుపులు మూసేశారు. మిగిలినవాళ్లు ఖాళీ గుడ్డలు భుజాన వేసుకుని వెళ్లారు. ఆ వెళ్లినవాళ్లలో నరసాలు అనే చంటిబిడ్డ తల్లి ఉంది. ఆమె చంకలో ఆరు నెలల బిడ్డ. తల్లికి చాలినంత తిండి లేక, బిడ్డకు పాలు లేవు. వాడు దారి పొడుగునా ఏడుస్తూనే వెళ్లాడు.

రెండో రోజు దండపాణికి ఇంకో తెలివి పుట్టింది. నేల మీద తెల్లగా సున్నపు గీత గీయించాడు. నోరు తెరిచే ముందు ప్రతివాడూ ఆ గీత మీద తూలకుండా నడవాలి. కడుపు నిండినవాడి తెలివి ఇలాగే ఉంటుంది మరి.

కుమ్మరి ఓబన్న వచ్చాడు. గీత మీద నాలుగడుగులు వేశాడు, ఐదో అడుగుకి పక్కకు కూలాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. తూలాడు గనక తాగాడు, గెంటేయండి అన్నాడు దండపాణి. పేరిశెట్టి లేచి వెళ్లి, పడిపోయినవాడి నోటి దగ్గర వంగాడు. అన్నం తిని ఎన్నాళ్లయిందని అడిగితే, ఉన్నది పిల్లలకు పెట్టి తను తినక మూడు రోజులు దాటిందని ఓబన్న గొణిగాడు.

"ఇది ఖాళీ కడుపు వాసన. మగ్గిపోయిన పండులా కాస్త తియ్యగా, కాస్త పుల్లగా వస్తుంది. తెలియనివాడికి మద్యంలాగే తోస్తుంది. ఇతను అన్నం తిని మూడు రోజులు దాటింది" అన్నాడు.  ఇన్నేళ్లు గంధాల మధ్య బతికినా, ఆకలికి వాసన ఉంటుందని అతనికీ ఆ రోజే తెలిసింది.

మధ్యాహ్నానికి నరసాలు గుమ్మం దాకా రాగలిగింది. నోరు తెరవబోతే భటులు ఆపారు. ఇంటి పెద్ద రావాలన్నారు. పెనిమిటి దాలయ్య ఏడని అడిగారు. ఆమె దాచలేదు. కల్లుపాకలో కట్టెలు కొట్టడానికి వెళ్లాడని చెప్పింది. ఆ మాట వినగానే దండపాణి చెవులు నిక్కాయి. రేపు మీ ఆయనను వెంటబెట్టుకుని రా, వరుసలో అందరికంటే ముందు నిలబెడతాను అన్నాడు, ఎంతో దయగా.

పేరిశెట్టి తన సద్దిమూట తీసి ఆమెకిద్దామని లేచేసరికి భటులు ఆమెను పంపేశారు. బిడ్డ ఏడుపు ఆనాటికి మూలుగుగా మారింది.

ఆ సాయంత్రం దండపాణి రాజు ముందు చేతులు కట్టుకున్నాడు. రెండు రోజులైనా పేరిశెట్టి ఒక్క తాగుబోతును పట్టలేదనీ, మన రాజ్యంలో తాగేవాడే లేడా అనీ, పాడైంది అతని ముక్కో మనసో తేల్చాలనీ అన్నాడు. రాజుకు కోపం వచ్చింది. రేపు నేనే వచ్చి కూర్చుంటాను, తాగినవాణ్ణి తాగలేదని చెప్పాడో అతని ముక్కు కోయిస్తాను అన్నాడు. ఆ సంగతి పేరిశెట్టి ఇంటికి కబురు పంపారు.

ఆ ముక్కే అతని కొట్టు, ఆ ముక్కే అతని పొలం. భార్యా ముగ్గురు కూతుళ్లూ దాని మీదే బతుకుతున్నారు. పేరిశెట్టి అన్నం ముందు కూర్చున్నాడు గానీ ముద్ద దిగలేదు. అతను వీరుడేమీ కాడు.

మూడో రోజు రాజు వచ్చి ఎత్తు పీఠం మీద కూర్చున్నాడు. పక్కన ఒక భటుడు కత్తి పట్టుకుని నిలబడ్డాడు. వరుసలో అందరికంటే ముందు దాలయ్య. అతని వెనక నరసాలు. చంకలో బిడ్డ మూలగడం కూడా మానేశాడు. తల ఒక పక్కకు వాలిపోయి ఉంది.

దాలయ్య నోరు తెరిచాడు. పేరిశెట్టి వంగాడు. ఇప్పపువ్వు కాదు, ఖాళీ కడుపు వాసన ఒక్కటే కాదు. కల్లు. ఆ ఉదయమే తాగిన కల్లు. అందులో సందేహం లేదు.

అతని పరిస్థితి అడకత్తెరలో పోకచెక్క అయింది. తాగలేదంటే తన ముక్కు పోతుంది. ఔనంటే ఆ బిడ్డ పోతాడు.   దండపాణి బుగ్గన లవంగం నలుపుతూ చూస్తున్నాడు.

"తాగాడు ప్రభూ" అన్నాడు పేరిశెట్టి.

నరసాలు ఉన్నచోటే దుమ్ములో కూర్చుండిపోయింది. ఎందుకు తాగావని రాజు దాలయ్యను అడిగాడు. దాలయ్య తల ఎత్తలేదు. కట్టెలు కొడితే అక్కడ కూలి కింద కల్లే పోస్తారనీ, అది తాగితే ఆకలి తెలియదనీ అన్నాడు. కరువు రాకముందు కూడా తాగేవాణ్ణని తనే చెప్పాడు. ఆ ఇంటికి మూడు రోజులు గింజ ఆపమని రాజు చెయ్యి ఊపాడు.

పేరిశెట్టి అక్కడినుంచి కదల్లేదు.

"ప్రభూ, ప్రతి ఇంటి పెద్దనూ పరీక్షించమని తమ శాసనం. కోటలో వంట కూడా ఈ గింజతోనే. ఆ ఇంటి పెద్ద నోరు నేనింకా చూడలేదు."

భటుల చేతులు కత్తుల మీదికి వెళ్లాయి. దండపాణి రెండడుగులు వెనక్కి వేశాడు, లవంగాల చాటున మద్యపు వాసన దాచే తన నోటిదే తర్వాతి వంతని అతనికి అర్థమైంది. రాజు ముఖం కందగడ్డ అయింది. పేరిశెట్టి తల దించలేదు. రాజు పీఠం దిగాడు. మెల్లగా నడిచి వచ్చి, వర్తకుడి ఎదుట నోరు తెరిచాడు.

"ద్రాక్షాసవం ప్రభూ. రాత్రి రెండో జాములో. మూడు గిన్నెలు."

 రాత్రి పొరుగు రాజ్యపు దూతకు విందు చేసిన సంగతి కోటలో అందరికీ తెలుసు.  అబద్ధం రాజు నోట రాలేదు.

"నిజమే. శాసనం అందరికీ ఒకటే. ఈ పూటనుంచి మూడు రోజులు కోటలో పొయ్యి వెలగదు. నేనూ పస్తే" అన్నాడు.

జనం చేతులు జోడించారు. ధర్మప్రభువంటే ఇలా ఉండాలన్నారు. దండపాణి కూడా కళ్లు తుడుచుకున్నాడు. పేరిశెట్టి తన ముక్కు తడుముకుని ఊపిరి పీల్చుకున్నాడు. ధర్మం గెలిచిందని అందరూ అనుకున్నారు, ఒక్క నరసాలు తప్ప.

ఆమె లేవలేక, కూర్చున్నచోటనుంచే మాట్లాడింది. గట్టిగా కూడా అనలేదు.

"తమరు మూడు రోజులు ఆగగలరు బాబూ. నా బిడ్డ ఆగలేడు. తాగింది వాడు కాదు, నేనూ కాదు. పొద్దుటినుంచి వీడికి ఏడుపు కూడా రావడం లేదు."

రాజు ఆ బిడ్డ ముఖం అప్పుడు చూశాడు. అంతవరకు ఆయన దాలయ్య నోటినే చూశాడు, శాసనాన్నే చూశాడు, ఆఖరికి తన గొప్ప మనసును కూడా చూసుకున్నాడు. మూడడుగుల దూరంలో ఉన్న బిడ్డను మాత్రం చూడలేదు. ఎండిపోయిన ఆ చిన్న పెదవులు చూడగానే ఆయనకు సిగ్గు ముంచుకొచ్చింది.

పక్కనే భటుల వంటశాలలో పొద్దున్నే పొయ్యి మీద పెట్టిన గంజి కాగుతోంది. రాజు తనే పరుగెత్తి ముంతతో తెచ్చాడు. నరసాలుకు పట్టించాడు. మెత్తటి గుడ్డ కొస వేడి తగ్గిన గంజినీళ్లలో తడిపి పేరిశెట్టి బిడ్డ పెదవుల మీద పిండాడు. ఒక చుక్క పక్కకు జారిపోయింది. రెండోదీ జారిపోయింది. దాలయ్య మోకాళ్ల మీద పడి గుడ్లప్పగించి చూస్తున్నాడు. మూడో చుక్క లోపలికి దిగింది. గొంతు కదిలింది. చాలాసేపటికి బిడ్డ ముందు సన్నగా, తర్వాత కొఠారు మారుమోగేలా ఏడ్చాడు. అంత తియ్యటి ఏడుపు ఆ రాజ్యంలో ఎవరూ విని ఉండరు.

రాజు ఆ నిమిషాన్నే శాసనం కొట్టేయించాడు. సున్నపు గీతను దండపాణి చేతే చెరిపించాడు. కూలికి కల్లు పోయడం మానాలని, గింజే ఇవ్వాలని కల్లుపాకలకు ఆజ్ఞ వెళ్లింది. దాలయ్యకు చెరువు పూడిక తీసే పని ఇచ్చారు. వాడు తాగుడు మానాడా అంటే, మానాడని కొందరు, పండగకీ పబ్బానికీ తాగుతూనే ఉన్నాడని కొందరు అంటారు. నాకు తెలియదు. నరసాలు మాత్రం ఆ మర్నాడు మొదలు రోజూ మానెడు జొన్నలు తెచ్చుకుంది, ఎవరూ ఆమెను నోరు తెరవమనలేదు.

కాబట్టి పిల్లలూ, ఆకలితో చాచిన చేతిలో ముందు గింజ పెట్టాలి, గుణదోషాలు విచారించడానికి వాళ్లు తిన్న తర్వాత కావలసినంత పొద్దుంటుంది.