మరువం మార్చిన చినుకు

ఇంతకు ముందు నేనెప్పుడూ ఏదీ రాయలేదు. నోటితో చెప్పే కథనే కాగితం మీద పెడుతున్నాను. తప్పులుంటే మన్నించండి.

అనగనగా ముసురు వీడని ఒక కొండ ఊరు. ఆ ఊళ్ళో తిరువెంగళమ్మ అని పాట నేర్పే గురువమ్మ. ఆమెకు మరువం ఒక్కతే శిష్యురాలు.

గురువమ్మ మంచాన పడింది. మరువాన్ని పిలిచి, వసారాలో దూలానికి వేలాడే చిన్న నీళ్ళ కుండను చూపించింది. అడుగున సన్నని చిల్లు. కింద ఇత్తడి పళ్ళెం. చినుకు పడితే టప్పు. మళ్ళీ టప్పు.

"కూర్చుని తాళం వేసి నేర్పే ఓపిక లేదే తల్లీ. ఈ చినుకుతో పాడుకో. కుండ వెలితి పడనీకు. నేను కన్ను మూసేలోగా మా అమ్మ పాట నీ నోట ఒక్కసారి తాళం తప్పకుండా వినాలి. ఇంకేమీ అడగను."

"వినిపిస్తానమ్మా," అంది మరువం.

పల్లవి తేలిక. మరువం గొంతు పరుగెత్తింది, చినుకు వెనకబడింది. "ఈ కుండ ఒట్టి మొద్దు," అని సూదితో చిల్లు పెద్దది చేసింది.

చరణం కష్టం. గొంతు తడబడింది, చినుకు ముందుకు పోయింది. "దీనికెంత తొందరో!" అని చిల్లుకు మైనం అద్దింది.

మూడోసారి ఎటూ కుదరలేదు. పళ్ళెంలో గుడ్డ పరిచేసింది. చప్పుడు ఆగింది.

"హమ్మయ్య! ఇప్పుడెంత బాగా వస్తోందో!"

గోడ మీద బల్లి నవ్వింది. "తప్పు చెప్పేదాని నోరు నొక్కావుగా, బాగానే వస్తుంది మరి."

"పోయి పురుగులు పట్టుకోవే! నీకేం తెలుసు పాట?"

"పాట తెలీదు తల్లీ. చినుకు ఎవరికోసమూ ఆగదని మాత్రం తెలుసు."

ఆ సాయంత్రమే గురువమ్మ పిలిచింది. మరువం మంచం పక్కన కూర్చుని పాడింది. దుప్పటి మీద గురువమ్మ వేలు తాళం వేసింది. పల్లవిలో పాట వేలిని దాటిపోయింది. వేలు ఆయాసపడుతూ అందుకుంది. చరణంలో పాట వెనకబడింది. వేలు ఆగి ఎదురుచూసింది. ఇంకోసారి తప్పేసరికి ఆ వేలు మెల్లగా ముడుచుకుంది.

"కుండ పగిలిందా తల్లీ?" అంది గురువమ్మ.



పొద్దు గుంకేసరికి ఆమె కన్ను మూసింది.

గురువమ్మను సాగనంపి వచ్చిన మర్నాటి పొద్దున, మరువం గుడ్డ తీసింది. మైనం గీకింది. నీళ్ళు సన్నని ధారగా కారిపోయాయి. గురువమ్మ తాళం నడక ఎంతో ఆ కుండ ఇక చెప్పలేదు. చెప్పగలవాళ్ళూ లేరు.

కొత్త పిడత తెచ్చి, సన్నగా చిల్లు పెట్టి, వేలాడదీసింది. సూదిని పెరట్లోకి విసిరేసింది. టప్పు. పల్లవి మొదటి మాట నుంచి, చినుకు వెంట నడుస్తూ పాడింది. వినడానికి గోడ మీద బల్లి తప్ప ఎవరూ లేరు.

పిల్లలూ, తప్పు చూపేదాన్ని మార్చుకుంటూ కూర్చుంటే, మనం మారే రోజుకి మనకోసం ఎదురుచూసినవాళ్ళు ఉండరు.