ట్యాంకులో మిగిలిన పెట్రోలు

అనంతావధానులుగారిని ఏదైనా అడిగితే వెంటనే జవాబు చెప్పే అలవాటు లేదు. విన్నట్టు తల ఊపి, ఏదో ఒక పని పురమాయిస్తారు. కొత్తగా వచ్చినవాళ్లు, పాపం, పెద్దాయనకి చెవుడేమో అనుకుంటారు. ఆయనకి ఇంకో అలవాటు కూడా ఉంది. ఆశ్రమంలో వడ్రంగి గానీ తాపీమేస్త్రీ గానీ ఎవరు పని చేస్తున్నా, ముక్కాలిపీట తెచ్చుకుని పక్కన కూర్చుని కబుర్లు చెబుతారు.

ఆయన శిష్యుల్లో దక్షిణామూర్తి చురుకైనవాడు. పాఠం ఒక్కసారి వింటే పట్టేస్తాడు. ఆ సంగతి అందరికంటే అతనికే బాగా తెలుసు, చిక్కంతా అక్కడే వచ్చింది. ఏకాదశినాటి సాయంత్రం ఊళ్లోవాళ్ల ఎదుట మొట్టమొదటిసారి పారాయణ చెయ్యమని గురువుగారు అతనికి చెప్పారు. ముందురోజు పాఠం అయ్యాక అతను చేతులు కట్టుకుని అడిగాడు.

"గురువుగారూ, వాక్శుద్ధి కలిగిందని మనిషికి ఎలా తెలుస్తుంది?"

అడగడంలో వినయం ఉంది. నీకు కలిగిందిరా నాయనా అనిపించుకోవాలన్న ఆశ కూడా, దాచడమెందుకు, బాగానే ఉంది. అవధానులుగారు తల ఊపారు.

"రేపు పొద్దున కారు కొయ్యడానికి నాగూర్ మీరా వస్తాడు మూర్తీ. ట్యాంకులో పెట్రోలు ఉండిపోయింది. అతను వచ్చేలోగా తీసెయ్యి," అన్నారు.

ఆశ్రమం కారుకి పోయిన నెల ఇంజను పట్టేసింది. అడుగంతా తుప్పు, బాగుచేయించడం దండగ. తుక్కు కొనే నాగూర్ మీరాకి ఇచ్చేశారు. షెడ్డులోంచి కదిలే స్థితి లేదు గనక అక్కడే గ్యాసు మంటతో ముక్కలు కొయ్యాలి. ఆ మంట దగ్గర ట్యాంకులో గుక్కెడు పెట్రోలున్నా మనిషి మిగలడు.

మర్నాడు మూర్తి తెల్లవారుతూనే స్నానం చేసి, మడి కట్టుకుని, రబ్బరుగొట్టమూ డబ్బాలూ పట్టుకుని షెడ్డుకి వెళ్లాడు. గొట్టం ఒక కొస ట్యాంకులోకి దింపి, రెండో కొస నోట్లో పెట్టుకుని పీల్చాలి. మూతిదాకా తెచ్చుకున్నాడు. వాసన గుప్పుమంది. ఛీ ఛీ, సాయంత్రం పారాయణ చెయ్యాల్సిన నోరు ఇది! ఇంకొకరికి చెబుదామంటే, గురువుగారు చెప్పిన పని తప్పించుకున్నాడని పేరొస్తుంది. కారు కిటికీలోంచి లోపలికి తొంగిచూశాడు. పెట్రోలు ముల్లు సున్నా మీద ఉంది. ఆ ముల్లు పాడైపోయి ఏళ్లయింది, ట్యాంకు నిండా పోయించినా సున్నా మీదే ఉంటుంది. పొడుగాటి వేపపుల్ల ముంచి తీసి, ఎంతవరకు తడిసిందో చూసుకునేవాళ్లు. ఇదేం మూర్తికి తెలియని రహస్యం కాదు. అయినా ఆ ముల్లుకేసే ఇంకోసారి చూసి, గొట్టం చుట్టచుట్టి మూలన పడేశాడు.

కాసేపటికి నాగూర్ మీరా వచ్చి సిలిండర్లు దింపుకున్నాడు.

"ట్యాంకు చూశారా పంతులుగారూ?"

"ఖాళీయే," అన్నాడు మూర్తి.

"బయటైతే ఎవరు చెప్పినా నమ్మనండీ, మూత తీసి నేనే చూసుకుంటా. మీ నోటివెంట వచ్చాక ఇంక చూసేదేముంది," అన్నాడు మీరా, గొట్టాలు బిగించుకుంటూ.

మూర్తి వసారాలోకి వెళ్లి పుస్తకం తెరిచాడు. ఒక్క అక్షరం బుర్రకెక్కితే ఒట్టు. తలెత్తి చూస్తే, అవధానులుగారు పీట తెచ్చుకుని సరిగ్గా కారు వెనకవైపు, ట్యాంకు పక్కనే కూర్చుంటున్నారు.

"మీ అమ్మకి కళ్లెలా ఉన్నాయి మీరా?"

"ఆపరేషన్ బాగానే అయిందండీ. కట్టు విప్పగానే నన్ను చూసి, ఇంత ముసలాడివైపోయావేంట్రా అంది!"

ఇద్దరూ నవ్వుకున్నారు. నవ్వుతూనే మీరా లైటరు తీశాడు.

"ఆగు! ఆగు మీరా!" మూర్తి పంచె కాళ్లకి అడ్డం పడుతున్నా పరుగెత్తాడు. ఆ కేకకి తోటి శిష్యులంతా బయటికొచ్చారు. "ఎందుకైనా మంచిది, ఇంకోసారి చూస్తే..."

"ఖాళీయే అన్నారుగా?"

ఇంకోసారి అనడం కూడా అబద్ధమే. గురువుగారు అతనివైపు చూడలేదు, నేలకేసి చూస్తున్నారు.

"నేనసలు చూడలేదు. గొట్టం నోట్లో పెట్టుకోవడానికి అసహ్యమేసింది. అబద్ధం చెప్పాను," అన్నాడు.

మీరా లైటరు జేబులో వేసుకున్నాడు. సిలిండరు మూసేసి, మూసుకుందో లేదో మళ్లీ తిప్పి చూసుకున్నాడు.

"మీరు గనక నమ్మానండీ," అన్నాడు.

తిట్టలేదు. నాలుగు తిట్టినా బాగుండేదని మూర్తికి అనిపించింది. అందరూ చూస్తుండగా మడిపంచెతోనే మట్టిలో గొంతుక్కూర్చుని గొట్టం నోట్లో పెట్టుకున్నాడు. ముందు గాలి వచ్చింది, తర్వాత నోటినిండా పెట్రోలు. ఉమ్మేసి, దగ్గి దగ్గి, మళ్లీ పీల్చాడు. ఒక డబ్బా నిండి, రెండోదీ సగానికి వచ్చింది. ఆ పెట్రోలు మీరా బండిలో పొయ్యమన్నారు గురువుగారు. ట్యాంకు నిండా నీళ్లు పోసి, ఆవిరంతా పోయాకే మీరా కోత మొదలుపెట్టాడు.

మూర్తి మధ్యాహ్నమంతా నోరు కడుక్కుంటూనే ఉన్నాడు. చింతపండు పెట్టి తోమాడు, లవంగాలు నమిలాడు. తేన్పు వస్తే మళ్లీ అదే వాసన. సాయంత్రం ఊళ్లోవాళ్లు వచ్చి కూర్చున్నారు. పని ముగించుకుని, చొక్కా మార్చుకుని మీరా కూడా వచ్చి చివర కూర్చున్నాడు. అతన్ని చూడగానే మూర్తి తల వాలిపోయింది. పారాయణ పీట ఎక్కకుండా గురువుగారి దగ్గరికి వంగి, నోటికి ఉత్తరీయం అడ్డం పెట్టుకుని అన్నాడు.

"ఈ పూట ఇంకెవరిచేతనైనా చదివించండి. నా నోరు కంపు కొడుతోంది గురువుగారూ."

అవధానులుగారు ఆ ఉత్తరీయం మెల్లగా పక్కకి తీశారు.

"పొద్దున, ఆ గొట్టం నోట్లో పెట్టుకోకముందు కొట్టింది నాయనా. ఇప్పుడేం లేదు, చదువు."