తొండ తల ఊపిన వంతెన

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో కాగితం లేదు, కలం లేదు, సంతకం అసలే లేదు. ఎవరైనా ఒక పని మాట్లాడుకుంటే చెప్పేవాళ్ళు చెప్పేవారు, వినేవాళ్ళు తల ఊపేవారు. తల ఊగిందంటే ఒప్పందం కుదిరినట్టే. ఆ తరువాత బ్రహ్మదేవుడు దిగివచ్చినా ఆ మాట మారదు.

మంచి ఆచారమే. కాకపోతే ఆ అడవిలో ఒక తొండ ఉంది.

పేరు కంచెరాయుడు. ఎర్రమట్టి దిబ్బ మీద ముళ్ళకంపలో అతని కాపురం. తొండలకు తల ఊగడం పుట్టుకతోనే వస్తుందని మీకు తెలుసు కదా. కంచెరాయుడికి అది ఇంకాస్త ఎక్కువ. సంతోషం వేస్తే తల ఊగేది. భయం వేస్తే ఊగేది. ఏదైనా అర్థం కాకపోతే ఇక ఆగేదే కాదు.

అడవి మధ్యలో ఒక వాగు ఉంది. ఎండాకాలంలో చీమలు కూడా నడిచి దాటేవి. వానలు పడ్డాయంటే అవతలి ఒడ్డు పరాయి దేశమైపోయేది. ఇవతల పల్లం, ఇట్టే మునిగిపోతుంది. అవతల మెరక, మేతా ఉంటుంది, ప్రాణమూ నిలుస్తుంది. కిందటి వానల్లో చుక్కమ్మ అనే దుప్పి తన పిల్లను వెంటబెట్టుకుని వాగు దాటబోయింది. తల్లి ఒడ్డు చేరింది. పిల్ల చేరలేదు.

ఆ తల్లి ఏడుపు వినలేక, అడవిని ఏలే గజరాణి వంతెన కట్టించాలని నిశ్చయించింది. సభ పిలిచింది. మంత్రి కొంగగారు ఒంటికాలి మీద నిలబడి గొంతు సవరించుకున్నారు.

"ఇరుదరుల ఆనికను అనుసరించి, మధ్యభారమును సమముగా విభజించి, అధోభాగమున దిమ్మెలను, ఊర్ధ్వభాగమున దూలములను, తదుపరి బంధనములను..."

కుందేళ్ళు నేల చూపులు చూశాయి. ఎలుగుబంటి ఆవులింత ఆపుకుంది. కంచెరాయుడికి ఒక్క ముక్క ఎక్కలేదు. ఎక్కకపోయేసరికి తల కిందికీ పైకీ ఊగడం మొదలుపెట్టింది.

"చూశారా! ఇంతమందిలో ఒక్కడికి అర్థమైంది" అంది గజరాణి. "కంచెరాయా, ఈరోజు నుంచి వంతెన పనికి నువ్వే పెద్దవు."

"అమ్మా, నాకు..." అని అతడు మొదలుపెట్టాడు. ఈలోగా కుందేళ్ళు జేజేలు కొట్టాయి. ఉడతలు పక్కకు తప్పుకుని దారి ఇచ్చాయి. బుద్ధెరిగాక కంచెరాయుడికి ఎవరూ దారి ఇచ్చి ఎరగరు.  పోనీలే, మెల్లగా అదే అర్థమవుతుంది అనుకున్నాడు. అలా అనుకునేవాళ్ళు మనలోనూ ఉన్నారు, పేర్లు చెప్పను.

మొదట చెదల మేస్త్రి పుట్టన్న వచ్చాడు. వెనకాల పుట్టెడు బలగం. వాగులో మట్టి దిమ్మెలు కట్టే పని వాళ్ళది. చెదలు కట్టిన మట్టి గునపానికి కూడా ఓ పట్టాన లొంగదు.

"పెద్దయ్యగారూ, మట్టి మాది, తడి మాది, చాకిరీ మాది. మావాళ్ళ తిండి మాత్రం మీది. పని జరిగే చోట ఏది దొరికితే అది తింటాం. మధ్యలో కాదనకూడదు. సరేనంటారా?"

ఇక్కడ ఒక చిక్కు ఉంది. చెదలంటే తొండలకు తిండి. తన తిండి తన ఎదురుగా నిలబడి, మా తిండి సంగతేమిటని అడుగుతుంటే కంచెరాయుడికి బుర్ర తిరిగిపోయింది. వీళ్ళు ఏం తింటారు? పని జరిగే చోట ఏం దొరుకుతుంది? ఏమీ తోచలేదు. తల ఊగింది.

"కుదిరింది!" అన్నాడు పుట్టన్న.

తరువాత వడ్రంగిపిట్ట కొయ్యలరాజు వచ్చాడు. దిమ్మెల మీద దూలాలు పరిచే పని అతనిది.

"బూరుగు దూలాలు వేస్తాను బావగారూ. తేలిగ్గా ఉంటాయి, దిమ్మెల మీద బరువు పడదు. పరిచేదాకా పూచీ నాది. పరిచి ఎగిరిపోయాక ఏ పురుగు పట్టినా నన్ను అడగొద్దు. ఏమంటారు?"

పురుగా? ఏ పురుగు? అని అడుగుదామనుకున్నాడు కంచెరాయుడు. అడిగితే, పనికి పెద్ద అయ్యుండి ఈపాటి తెలియదా అంటాడేమో. నోరు మూసుకున్నాడు. తల మాత్రం మూసుకోలేదు.

"కుదిరింది!" అన్నాడు కొయ్యలరాజు.

చివరికి గిజిగాడు పోచయ్య వచ్చాడు. గడ్డితాళ్ళు పేని దూలాలన్నిటినీ బిగించే పని అతనిది.

"దూలం గట్టిదా, గుల్లదా చూడటం నా పని కాదండి. గట్టిదే, కట్టు అని మీరంటే కడతాను. కట్టాక విప్పమనకూడదు. ఈ దూలాలు గట్టివేనా?"

కంచెరాయుడు కొయ్యలరాజు తెచ్చి పేర్చిన దూలాల వంక చూశాడు. పైకి నున్నగా, చక్కగానే ఉన్నాయి. గట్టివో కావో ఎలా చూస్తారు? కొరికి చూడాలా? కొట్టి చూడాలా? ఎక్కి దూకాలా? ఎవరినడగాలి? ఆలోచించినకొద్దీ తల జోరుగా ఊగింది.

"అంత గట్టిగా ఊపారంటే ఇక తిరుగులేదు. కుదిరింది!" అన్నాడు పోచయ్య.

ముగ్గురూ వెళ్ళిపోయాక కంచెరాయుడు బండ మీద కూర్చుని ఆ మాటలన్నీ మళ్ళీ తలచుకున్నాడు. తిండి చెదల ఇష్టం. పురుగుతో కొయ్యలరాజుకు సంబంధం లేదు. గట్టిదని నేనంటే గట్టిది. విడివిడిగా చూస్తే మూడూ బాగానే ఉన్నాయి. కలిపి చూడబోతే మాత్రం ఎక్కడో ఏదో అడ్డం తగులుతోంది. ఆ తగిలేదేమిటో చేతికి చిక్కడం లేదు. మంత్రిగారి దగ్గరకు పరుగెత్తాడు.

"అయ్యా, ఈ ఒప్పందాలు ఒకదానితో ఒకటి..."

"ఒప్పందం ప్రకారం నడిపించు నాయనా" అని కొంగగారు కళ్ళు మూసుకున్నారు. ఆయనతో అంతే, కళ్ళు మూసుకున్నారంటే జవాబు అయిపోయినట్టు.

తిరిగి వస్తుంటే దారిలో చుక్కమ్మ ఎదురైంది. పక్కన ఈ ఏడు పుట్టిన పిల్ల. ఇంకా కాళ్ళు తడబడుతున్నాయి.

"అన్నయ్యా, ఒక్క మాట చెప్పు. ఈసారి నా బిడ్డ దాటుతుందా?"

ఏమో తల్లీ, నాకేమీ తెలియడం లేదు అని చెప్పాలనుకున్నాడు కంచెరాయుడు. ఆ కళ్ళలోకి చూసేసరికి భయం వేసింది. తల ఊగింది.

చుక్కమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుని అతని పాదాలకు మూతి ఆనించింది. ఆ రోజు కంచెరాయుడికి ఒక్క పురుగు కూడా గొంతు దిగలేదు.

తొలకరి మబ్బులు కమ్ముకునేసరికి వంతెన సిద్ధమైంది. దిమ్మెలు నిటారుగా నిలబడ్డాయి. దూలాలు వరుసగా పరుచుకున్నాయి. పోచయ్య వేసిన ముడులు ముచ్చటగా ఉన్నాయి. అడవంతా ఒడ్డున చేరింది.

"కంచెరాయా, వంతెన గట్టిదేనా? తల ఊపు" అంది గజరాణి. "మొట్టమొదట చుక్కమ్మ బిడ్డను పంపుదాం."

కంచెరాయుడు వంతెన వంక చూశాడు. దిమ్మె మీద నుంచి దూలందాకా సన్నటి మట్టి గీత ఒకటి పాకి ఉంది. దూలం కింద పిండి రాలినట్టు ఏదో పొడి ఉంది. అదేమిటో అతనికి అర్థం కాలేదు. అంతే, తల ఊగడం మొదలైంది.

"ఊపాడు! ఊపాడు!" అని అడవి కేకలు వేసింది. దుప్పిపిల్ల ముందుకాలు ఎత్తింది.

కంచెరాయుడు ఒక్క దూకు దూకి ఆ కాలి ముందు అడ్డంగా పడ్డాడు.

"ఆగండి! నా తలను నమ్మకండి! దాని మానాన అది ఊగుతుంది. నాకు అర్థం కాలేదు. ఈ వంతెన గట్టిదో కాదో నాకు తెలియదు. ఆ రోజు సభలో కూడా నాకేమీ అర్థం కాలేదు!"

 నోరు కాదంటోంది, తల ఇంకా అవునంటూనే ఉంది. ఎవరికీ పాలుపోలేదు.

"ఆచారం ప్రకారం తల మాటే చెల్లుతుంది మహారాణీ" అన్నారు కొంగగారు.

"నాకు అన్నయ్య నోటి మాట చాలు" అని చుక్కమ్మ బిడ్డను వెనక్కి లాక్కుంది.

గజరాణి తొండం పైకెత్తి అడిగింది. "ఏం అర్థం కాలేదు నీకు?"

కంచెరాయుడికి సిగ్గుతో మెడ ఎర్రబడింది. తొండ కదా, నిజంగానే ఎర్రబడింది. మనసులో ఇన్నాళ్ళూ అడ్డం తగులుతున్నదాన్ని తడుముకుంటూ అడిగాడు.

"పుట్టన్నా, ఇన్నాళ్ళూ మీవాళ్ళు ఏం తిన్నారు?"

"పని జరిగే చోట దొరికింది తిన్నాం బాబూ. తమరు ఒప్పుకున్నదే కదా."

"ఏం దొరికింది?"

పుట్టన్న మీసాలు కిందికి వాలాయి. "కొయ్య దొరికింది."

"అయ్యబాబోయ్!" అని కొయ్యలరాజు ఎగిరి దూలం మీద వాలి ముక్కుతో కొట్టాడు. లోపల ఏమీ లేని కుండ మోగినట్టు మోగింది. గజరాణి దూలం మీదికి ఒక బండరాయి దొర్లించింది. దూలం విరగను కూడా లేదు, పొడిపొడి అయి వాగులో రాలిపోయింది. ఆ రాయి పడ్డ చోటే పిల్ల ఉండాల్సింది. చుక్కమ్మ బిడ్డను ఇంకా దగ్గరకు లాక్కుంది. పోచయ్య ముడి మాత్రం ఒక్కటీ ఊడలేదు, దూలం లేని తాళ్ళు గాలికి ఊగుతున్నాయి.

ఇక మొదలైంది గోల.

"దిమ్మెలు చెక్కుచెదరలేదు. నా మాట నేను నిలబెట్టుకున్నాను" అన్నాడు పుట్టన్న. "పురుగు పడితే నన్ను అడగొద్దని ముందే చెప్పాను" అన్నాడు కొయ్యలరాజు. "గట్టివేనని ఆయనే తల ఊపారు" అన్నాడు పోచయ్య.

ముగ్గురూ చెప్పింది నిజమే. ఎవరూ మాట తప్పలేదు. వంతెన మాత్రం పనికిరాకుండా పోయింది. ఎవరిని శిక్షించాలో తెలియక గజరాణి చెవులు విసురుకుంటూ అటూ ఇటూ తిరిగింది.

"తప్పు నాది తల్లీ" అన్నాడు కంచెరాయుడు. "ముగ్గురి మాటలూ విన్నది నేనొక్కణ్ణే. ఒకరి మాట ఇంకొకరికి చేరవేయాల్సింది నేనే. చేరవేయడానికి నాకు అర్థమైతే కదా! అర్థం కాలేదని చెప్పడానికి సిగ్గుపడ్డాను."

 గజరాణి గొంతు తగ్గించి అంది. "నిజం చెప్పనా? ఆ రోజు మంత్రిగారు చెప్పింది నాకూ అర్థం కాలేదు. నువ్వు తల ఊపుతుంటే, నీకు తెలిసిందిలే అని ఊరుకున్నాను."

అందరూ కొంగగారి వైపు తిరిగారు. కొంగగారు రెండో కాలు కూడా కింద పెట్టారు. "మా తాతగారు చెప్పిందే నేను అప్పజెప్పాను" అన్నారు.

అప్పుడు గజరాణి ముగ్గురినీ ఒకేచోట నిలబెట్టి, ఎవరి మాట వారిని అందరి ముందూ మళ్ళీ చెప్పమంది.

"చెదలతో కలిసి పని అని తెలిస్తే బూరుగు ఎందుకు వేస్తాను? వేప వేసేవాణ్ణి" అన్నాడు కొయ్యలరాజు.

"వేపా? అబ్బే, చేదు. మావాళ్ళు ఆ వాసనకే దూరం పోతారు. మాకు ఎండుటాకులు పోయించండి చాలు" అన్నాడు పుట్టన్న.

"వేప అయితే బరువు. తాడు మరో పేట వేయాలి" అన్నాడు పోచయ్య.

"అర్థం కాలేదు, బరువైతే దిమ్మెలు ఆగుతాయా?" అని అడిగాడు కంచెరాయుడు.

పుట్టన్న దిమ్మెల వంక చూశాడు. "ఆగవు బాబూ. ఇంకాస్త లావు చేయాలి."

కంచెరాయుడు అలా అడుగుతూనే ఉన్నాడు. మళ్ళీ చెప్పండి, నెమ్మదిగా చెప్పండి అని ప్రాణం తీశాడు. ముగ్గురూ విసుక్కున్నారు. విసుక్కుంటూనే మళ్ళీ చెప్పారు, చెబుతూ తమ పొరపాట్లు తామే పట్టుకున్నారు.

దిమ్మెలు లావు చేసి, వేప దూలాలు పరిచి వంతెన మళ్ళీ కట్టారు. ఆఖరి ముడి పడుతుండగానే వాన దిగింది. వాగు బుసకొడుతూ లేచింది. పల్లంలో నీళ్ళు చుక్కమ్మ మోకాళ్ళదాకా వచ్చాయి. వంతెన మీద మొదటి అడుగు కంచెరాయుడే వేశాడు. కింద వరద హోరు, కాళ్ళ కింద తడి దూలం. సగం దూరం వెళ్ళేసరికి భయంతో తల ఊగిపోయింది. ఎవరూ ఆ తల వంక చూడలేదు. అవతలి ఒడ్డెక్కి వెనక్కి తిరిగి నోరారా కేక వేశాడు.

"గట్టిదే! రండి!"

దుప్పిపిల్ల బయలుదేరింది. ఒకచోట కాలు జారింది. తల్లి మూతితో ముందుకు నెట్టింది. అవతలి మెరక మీదికి చేరగానే అది చెవులు దులుపుకుని, ఏమీ జరగనట్టు పాలకోసం తల్లి కడుపు కింద దూరింది. చుక్కమ్మ అంత వానలోనూ కదలకుండా నిలబడి దాన్ని తాగనిచ్చింది.

ఆ వానాకాలం వాగు ఎవరినీ మింగలేదు. గజరాణి పాత ఆచారం మార్చింది. అప్పటి నుంచి ఆ అడవిలో ఒట్టి తల ఊపితే చెల్లదు. ఏం అర్థమైందో తన మాటల్లో తిరిగి చెప్పాకే ఒప్పందం కుదిరినట్టు. ఇంత చిన్న పనికి ఇంతసేపు మాటలేమిటని పుట్టన్న గొణుగుతూనే ఉంటాడు. గొణిగినా చెబుతాడు.

కాబట్టి పిల్లలూ, అర్థం కాకుండా తల ఊపేవాడికి ఎవరినీ ముంచాలని ఉండదు, అయినా నమ్మినవాళ్ళు మునిగిపోతారు. అందుకే తెలియనప్పుడు తెలియలేదని నోరు విప్పి చెప్పాలి.