పట్టుబట్టల గదిలో పొగాకు

అనగనగా ఏ మూలనో ఒకానొక రాజ్యం, దానికి రాజు చండభూపాలుడు. ఆయన మీసం చూసి శత్రువులు హడలిపోయేవారట. ఆయన మాత్రం రాణిగారి ముక్కుకు హడలిపోయేవాడు.

ఎందుకంటారా? రాజుకు చుట్టల పిచ్చి. అదీ తన చేత్తో పెంచిన ఆకే కావాలి. పెరటి మూల గుట్టుగా పొగాకు మొక్కలు వేసి, ఆకు కోసి, తాడుకు గుచ్చి, పట్టుబట్టల గదిలో వేలాడదీశాడు. జానెడు గది! వారం తిరక్కుండానే అంతఃపురమంతా ఒకటే ఘాటు.

"ఏమిటండీ ఈ కంపు?" అంది రాణి.

"ఊళ్ళోవాళ్ళు ఇళ్ళల్లో పొగాకు ఆరబెడుతున్నారు. వాళ్ళ పని పడతాను," అనేశాడు రాజు. అన్నాక దండోరా వేయించక తప్పుతుందా? ఇంట్లో పొగాకు ఆరబెడితే ఇల్లు పీకేస్తామని చాటించాడు.

మొదట దొరికింది ముసలి పైడమ్మ. ఒంటిగది గుడిసెలో మంచానికి పైన వాసాలకు వెదురుగడ కట్టి, దానికి ఆకు వేలాడదీసుకుని, చుట్టలు చుట్టి అమ్ముకు బతుకుతోంది. ఆకు వేలాడే ఆ గడతో సహా భటులు ఆమెను సభకు తెచ్చారు.

"ఆ గుడిసె పీకేస్తే ఎక్కడ తలదాచుకునేది బాబూ?" అంది పైడమ్మ.

రాజు సింహాసనంలో ముడుచుకుపోయాడు. ఛీ, నా అబద్ధానికి ఈ ముసలిది బలైపోతోందే అని లోలోపల కుమిలిపోయాడు. నిజం చెబుదామంటే పక్కనే రాణి.

అప్పుడు విదూషకుడు బుచ్చన్న లేచాడు. "ముందు ఈ ఆకు సంగతి చూద్దాం ప్రభూ. ఒరేయ్, గడ మీంచి దూసి మూటకట్టండిరా!"

భటుడి చెయ్యి పడగానే ఎండిన ఆకు గలగలమంది.

"ఆగరా వెధవా!" రాజు గావుకేక పెట్టాడు. "అలా ముట్టుకుంటే పొడైపోదూ! కింద తడిగుడ్డ పరిచి, తలుపేసి, మెత్తబడ్డాక తియ్యాలి. మొన్న నా ఆకు కూడా సగం ఇలాగే..."

ఠక్కున నాలుక కరుచుకున్నాడు.

"తలుపా ప్రభూ?" బుచ్చన్న అమాయకంగా అడిగాడు. "పొలంలో ఆరే ఆకుకు తలుపెక్కడిది? దాన్ని రాత్రి కురిసే మంచు మెత్తబరుస్తుంది కదా! తమ ఉత్తరీయం వాసన చూసి అనుమానపడుతూనే ఉన్నాను. మరి దండోరా ప్రకారం కోట పీకేస్తే తమరెక్కడ ఉంటారు? మా చావడి ఖాళీగానే ఉంది."

రాణి ఫక్కున నవ్వింది. రాజు ముఖం కందగడ్డయింది. సిగ్గుతో చచ్చిపోతూనే ఆయనా నవ్వేశాడు. దండోరా రద్దు చేశాడు. ఆ పట్టుబట్టల గదిలోంచే మంచి పట్టుశాలువా తెప్పించి బుచ్చన్నకు కప్పాడు. ఆ ఘాటుకు బుచ్చన్న వరసగా తుమ్ముతుంటే సభంతా పగలబడి నవ్వింది.

నవ్వులు ఆగకముందే రాజు సింహాసనం దిగి పైడమ్మ దగ్గరికి వెళ్ళాడు. "తప్పు నాదమ్మా. నా గుట్టు దాచుకోడానికి నీ గూడు పీకించబోయాను," అన్నాడు.

పైడమ్మ దణ్ణం పెట్టి, గడ భుజాన వేసుకుని వెళ్ళిపోయింది. ఆమె గుమ్మం దాటేదాకా రాజు తలెత్తలేదు.