రిబ్కమ్మ ముద్ద

వానలు చెప్పిన మాట వినని కాలం ఒకటి వచ్చింది. అది ఏ ఏటి సంగతో చెప్పగలవాళ్లు ఇప్పుడు లేరు. ఏ రోజో, ఏ వేళో మాత్రం మా అమ్మలకు వాళ్ల అమ్మలు చెప్పారు. ఈస్టరుకు ముందొచ్చే మట్టల ఆదివారానికి ముందు శనివారం, మేకల్ని తోలుకుపోయే వేళ, ఏటిగట్టు పేటలో రిబ్కమ్మ కన్నుమూసింది.

రిబ్కమ్మ అంటే ఎవరో గొప్పింటి మనిషి కాదు. చెక్క భూమి లేదు, మెడలో పూస లేదు, నోట అక్షరం లేదు. కళ్లాల్లో తూర్పారబట్టి కూలి గింజలు తెచ్చుకునేది. కూతురూ అల్లుడూ ఒకే జ్వరానికి పోతే, వాళ్ల పిల్లలు ముగ్గుర్నీ కొంగు కిందికి తీసుకుంది. పెద్దవాడు యాకోబు, నడిమిది లేయ, చిన్నవాడు తీతు.

పిల్లలకు వాక్యం చదివి వినిపిద్దామంటే తనకు చదువు రాదు. అందుకని చేతులతో నేర్పింది. జొన్నలు దంచబోయే ముందు ఒక గుప్పెడు తీసి, గూట్లో ఉన్న ప్రభువు కుండలో వెయ్యాలి. వేస్తూ, "ఈ పూట పొయ్యి వెలగని ఇంటికి, ప్రభువా" అనాలి. శనివారం సాయంత్రం కుండ మందిరానికి వెళ్లేది. అక్కణ్ణించి ఆ గింజలు ఏ దిక్కులేని ఇంటికో, మంచాన పడ్డ మనిషికో చేరేవి. ఆ కుండ పేటలో చాలా ఇళ్లలో ఉంది. కానీ ఆ ఇళ్లలో గుప్పెడు వేసేది పెద్దవాళ్లు. రిబ్కమ్మ ఇంట్లో మాత్రం పిల్లలు. ఒక్కో పొద్దు ఒక్కొక్కరి వంతు.

గోడ అవతల కోటమ్మ ఉండేది. మందిరం గడప తొక్కని మనిషి. నోటికి గొళ్లెం లేదు. పొద్దున్నే గోడ మీద మోచేతులు ఆనించి ఈ తతంగం చూడకపోతే ఆమెకు పని సాగేది కాదు.

పంట పండిన ఏడు కోటమ్మ అంది, "అక్కా, మీ దేవుడికి అన్నీ ఉన్నాయంటావు. మరి ఈ గుప్పెడు లేక పస్తుంటాడా?"

"ఆయన కోసమా? ఈ చేతుల కోసమే," అంది రిబ్కమ్మ. "నోరు మరిచిపోద్ది. చెయ్యి మరిచిపోదు."

వాన తప్పిన ఏడు కోటమ్మ అంది, "పిల్లల గుప్పిళ్లు చిన్నవని వాళ్ల చేత వేయిస్తున్నావు. తెలివైనదానివే అక్కా."

"చిన్నదైతే ఏమే, చెయ్యి చెయ్యే. నోరు మరిచిపోద్ది. చెయ్యి మరిచిపోదు."

మూడో ఏడు వాన పేట దారే మరిచింది. కళ్లాల్లో ఎగరెయ్యడానికి పొట్టు కూడా లేదు. ఈసారి కోటమ్మ నవ్వలేదు. "ముసలిదానా, పిల్లల కడుపు మాడ్చి భక్తి నేర్పితే, రేపు వాళ్లకి ఆ భక్తంటేనే వెగటు పుడుతుంది," అంది.

రిబ్కమ్మ కుండ వైపు ఒకసారి చూసి లోపలికి నడిచింది.

ఆ వారంలోనే ఒక పొద్దు లేయ వంతు వచ్చింది. గుప్పిట బిగించి కుండ దగ్గరికి వెళ్లింది. అనవలసిన మాట అంది. చెయ్యి తెరిచింది. గింజ పడ్డ చప్పుడు లేదు. గోడ మీద నుంచి కోటమ్మ చూస్తూనే ఉంది.

"చెయ్యి వట్టిదేమే తల్లీ?" అంది రిబ్కమ్మ.

లేయ తల దించుకుంది. "నోట్లో వేసుకున్నా అమ్మమ్మా. దేవుడు కోప్పడతాడా?"

"కోప్పడడు. ఆకలేస్తే ఆయనతో దాగుడుమూతలు ఆడకు. ఆకలని చెప్పు."

రిబ్కమ్మ గూట్లోంచి కుండ దించింది. అడుగునున్న గింజలన్నీ దంచి, జావ కాచి, ముగ్గురికీ పోసింది. "ఇవాళ పొయ్యి వెలగని ఇల్లు మనదేరా," అంది. తను మాత్రం నీళ్లు తాగింది.

ఆ మధ్యాహ్నం తనే గోడ దగ్గరికి వచ్చింది. "కోటమ్మా, ప్రభువు గింజలు ప్రభువు బిడ్డలకే పెట్టాను. దానికి బెంగ లేదు. కానీ ఆకలేస్తే కుండ మనదేనని ఆ చేతులు నేర్చుకుంటే? ఇన్నాళ్లూ నీళ్లు పోసి పెంచిన వేరు నేనే కోశానేమో."

"పోనీలే అక్కా. పిల్లలేగా," అంది కోటమ్మ.

"పిల్లలనేగా నా దిగులు."

తన వంతు జావ కూడా పిల్లలకే పోస్తూ వచ్చింది రిబ్కమ్మ. చివరికి మంచం పట్టింది. పోయే ముందు కోటమ్మ చెయ్యి పట్టుకుని, "వాళ్ల చేతులు చూస్తూ ఉండవే," అంది. అంతే.

ఆ సాయంత్రమే సమాధి చేశారు. అందరూ తలో గుప్పెడు మట్టి వేశారు. తీతు వంతు వచ్చింది. వాడు గుప్పెడు మట్టి తీసుకుని, అలవాటు కొద్దీ, "ఈ పూట పొయ్యి వెలగని ఇంటికి, ప్రభువా" అని వేశాడు. కొందరికి నవ్వొచ్చింది. నవ్వినవాళ్లే కొంగులతో కళ్లు తుడుచుకున్నారు. కోటమ్మ మాత్రం అనుకుంది: నోరు మరవలేదు, సరే. చెయ్యి మాటేంటో?

మర్నాడు పొద్దున చావింట పొయ్యి రాజెయ్యలేదు. కోటమ్మ తన ఇంట మిగిలిన పిండంతా ఊడ్చి, సంగటి చేసి తెచ్చింది. పిల్లల ముందు ఆకులు వేసి మూడు ముద్దలు పెట్టింది. ముందురోజు నుంచి వాళ్ల కడుపున మెతుకు లేదు. ముగ్గురూ కళ్లు మూసి ప్రార్థన చేసుకున్నారు. తీతు తన ముద్దలోంచి గుప్పెడు తీసుకుని లేచాడు. తిన్నగా వెళ్లి ప్రభువు కుండలో వేశాడు.

"ఒరే, వండింది వేస్తే పాచిపోద్దిరా," అన్నాడు యాకోబు.

"మరి వండనిది లేదుగా," అన్నాడు తీతు.

లేయ లేచి కుండలోంచి ఆ సంగటి తీసింది. తన ముద్దలో సగం తుంచి దానికి చేర్చింది. యాకోబు కూడా తుంచి ఇచ్చాడు. అంతా ఆకులో పెట్టుకుని లేయ గడప దాటబోయింది.

"ఎక్కడికే?" అంది కోటమ్మ.

"చివరి గుడిసెలో సామేలు తాత మంచాన ఉన్నాడు కోటవ్వా. ఆయన పొయ్యి వెలగలేదు."

"ఇవాళ మీ పొయ్యీ వెలగలేదు కదే పిల్లా."

"మాకు నువ్వు తెచ్చావుగా. మాది వెలిగినట్టే."

కోటమ్మ ఆ చేతుల వైపే చూసింది. సంగటి గిన్నె చంకనెత్తుకుని, "ఉండవే, ఆ పిడికెడు ముసలాడికి ఏ మూలకి?" అంటూ వెనకే నడిచింది.

ఇప్పటికీ ఆ పేటలో ఎవరినైనా సమాధి చేసిన మర్నాడు పొద్దున, పొరుగువాళ్లు తెచ్చిన అన్నంలోంచి మొదటి ముద్ద ఆ ఇంటి పిల్లలే తీస్తారు. దాన్ని రిబ్కమ్మ ముద్ద అంటారు. అందరికన్నా చిన్న బిడ్డ దాన్ని పట్టుకుని, ఆకలున్న ఇల్లు వెతుక్కుంటూ వెళ్తుంది. ఆ బిడ్డ వట్టి ఆకుతో తిరిగొచ్చాకే, ఏడ్చి ఏడ్చి అలిసిన పెద్దవాళ్లు చేతులు కడుక్కుని అన్నానికి కూర్చుంటారు.